ఇన్వర్టర్ కట్టబోతున్న అల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన సర్క్యూట్‌ని కాగితం మీద మళ్లీ గీసుకుని చూశాను. ఫోన్‌లో నా కళ్లకి ఆనడం లేదు. సెకనుకి యాభై సైకిళ్ల తాళం వేసే సీడీ4047 ఐసీ, దాని వెనక నాలుగు డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, బ్యాటరీ కరెంటుకి స్విచ్చుల్లా పనిచేసే జెడ్44 మాస్‌ఫెట్లు అటు నాలుగు ఇటు నాలుగు, దాన్ని 230 వోల్టులకి పెంచే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, బ్యాటరీ ఛార్జింగ్‌కి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్, దానికో డయోడ్ బ్రిడ్జి. కింద "సామాన్లు తగ్గించాలి మావయ్యా, ఖర్చు కలిసిరావట్లేదు" అని రాశావు. తగ్గించొచ్చు. కానీ ఎర్ర పెన్నుతో నువ్వు కొట్టేసిన మూడూ ఉండాల్సినవే. తీసెయ్యాల్సిన చోట నీ పెన్ను పడనే లేదు.

ముందు లోడు చూడు. మొదటిది మీ వీధి చివరి టైలర్ షాపుకే అన్నావు కదా. మూడు మామూలు ఫ్యాన్లు 75 వాట్ల చొప్పున 225, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు 9 చొప్పున 36, వెరసి 261 వాట్లు. ఎఫిషియెన్సీ 85 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి 307 వాట్లు లాగాలి. 12 వోల్టుల దగ్గర అది ఇంచుమించు 26 ఆంపియర్లు. ఈ 26ని బల్ల మీద సుద్దతో రాసి పెట్టుకో, మిగతా లెక్కలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. ఆ టైలర్ తన ఫ్యాన్లు మార్చి తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకుంటే ఇదే 26 సగానికి దిగిపోతుంది. ఆ మాట చెప్పడానికి మొహమాటపడకు. నీ ఇన్వర్టర్ చిన్నదైతే నీ లాభం తగ్గుతుంది, నిజమే. కానీ ఆయన నలుగురికి చెప్తాడు.

ఇక మాస్‌ఫెట్లు. ఆన్ అయ్యాక కూడా వాటిలో కొంచెం రెసిస్టెన్స్ మిగులుతుంది, వేడంతా అక్కడిదే. పుస్తకంలో దీనికి పెద్ద పేరుంటుంది గానీ గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి నేను వాడుక మాట వదలను. జెడ్44ఎన్‌లో అది 17.5 మిల్లీఓమ్‌లు, నాలుగు పారలల్‌గా కలిపి కడితే 4.4. అదే ఐఆర్‌ఎఫ్3205 అనే మాస్‌ఫెట్ అయితే ఒక్కదానికే 8, రెండు కలిపితే 4. అంటే నీ ఎనిమిది చేసే పని నాలుగు చేసేస్తాయి. గేట్ (మాస్‌ఫెట్‌ని ఆన్ ఆఫ్ చేసే కాలు) రెసిస్టర్లు, బోర్డు మీద చిల్లులు, సోల్డరింగ్ అతుకులు అన్నీ సగమవుతాయి. వేడి అంటే కరెంటు స్క్వేర్‌ని రెసిస్టెన్స్‌తో గుణించడమే: 26 స్క్వేర్ 676, దాన్ని 0.004తో గుణిస్తే 2.7 వాట్లు. వేడెక్కాక రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి 4 అనుకో. హీట్ సింక్ మాత్రం సగం చెయ్యకు, వేడి బయటికి పోయే దారులు కూడా సగమయ్యాయని మర్చిపోవద్దు.

ఇప్పుడు నీ సర్క్యూట్‌లో కనపడని సామాను ఒకటి చెప్తాను, బ్యాటరీ వైరు. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకి దాదాపు 2.9 మిల్లీఓమ్‌లు. పోను మీటరు, రాను మీటరు అంటే 5.7. అదే 26 ఆంపియర్లకి దాదాపు 3.9 వాట్లు. చూశావా, నాలుగు మాస్‌ఫెట్లు తినేదంతా రెండు మీటర్ల వైరే తినేస్తోంది! 16 స్క్వేర్ ఎంఎం వేస్తే ఒకటిన్నర వాటుకి దిగుతుంది. బ్యాటరీని దగ్గరికి జరిపి వైరు కురచ చేస్తే ఇంకా తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. వైరు చివర తొడిగే లగ్‌ని సుత్తితో నొక్కకుండా క్రింపింగ్ టూల్‌తో నొక్కు.

నీ పెన్ను పడాల్సింది ఛార్జింగ్ ట్రాన్స్‌ఫార్మర్ మీద. అది దండగ. కరెంటు ఉన్నప్పుడు మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగానే కూర్చుంటుంది కదా? రిలే స్విచ్చుతో 230 వైపు మెయిన్స్ ఇస్తే అదే వెనక్కి పనిచేస్తుంది. ప్రతి మాస్‌ఫెట్ లోపల పుట్టుకతోనే ఒక డయోడ్ ఉంటుంది. ఒక్కో అర సైకిల్‌కి ఒక్కో వైపు డయోడ్ కరెంటు వదులుతుంది, వైండింగ్ మధ్యలో తీసిన సెంటర్ ట్యాప్ నుంచి బ్యాటరీ ప్లస్‌కి ఛార్జింగ్ వెళ్తుంది. వోల్టేజీ అదుపు తప్పకుండా 230 వైపు ట్రయాక్ అనే ఏసీ స్విచ్చు పెట్టి ప్రతి సైకిల్‌లో కొంత కోసుకోవాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక బ్రిడ్జి, వాటిని మోసే ఇనుము, రాగి అన్నీ పోయాయి. డయోడ్‌లో వోల్టు దగ్గర పడిపోతుంది, ఛార్జింగప్పుడు కూడా హీట్ సింక్ వెచ్చగానే ఉంటుంది. కంగారు పడకు.

మిగిలిన డబ్బులో కొంత ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌కే పెట్టు. అల్యూమినియం వైండింగ్ చవకని తెస్తే అదే మందానికి రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్ల పైనే. కోర్ మధ్య కాలు 25 చదరపు సెంటీమీటర్లుంటే 50 సైకిల్స్ దగ్గర, 1.2 టెస్లాకి వోల్టుకి ఒకటిన్నర చుట్లు పడాలి. అమ్మేవాడు చుట్లు తగ్గించి వైరు మిగుల్చుకుంటే కోర్ సాచురేట్ అయ్యి, అంటే ఇంక అయస్కాంతం పట్టలేక, ఏ లోడూ లేకుండానే కరెంటు లాగుతుంది. కొనే ముందు అక్కడే లోడ్ తీసేసి నడిపించి చూడు. బ్యాటరీ నుంచి ఒకటిన్నర ఆంపియర్ లాగితే 18 వాట్లు ఊరికే పోతున్నట్టు. అలా పది గంటలు నడిస్తే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలో పదో వంతు హాం ఫట్.

4047, నాలుగు ట్రాన్సిస్టర్లు తీసేసి ఒక ఎస్‌జీ3525 ఐసీ పెట్టు. తాళం వేసే ఆసిలేటర్, రెండు వైపులూ ఒకేసారి ఆన్ కాకుండా చూసే డెడ్ టైమ్, మెల్లగా మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్ట్, గేట్ డ్రైవ్ అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. అవుట్‌పుట్ నుంచి ఫీడ్‌బ్యాక్ ఇస్తే బ్యాటరీ దిగేకొద్దీ పల్స్ వెడల్పు పెంచుకుని అవుట్‌పుట్ నిలబెడుతుంది కూడా. ఆపాలంటే పదో పిన్ను.

నువ్వు కొట్టేసిన మూడింటికి వస్తాను.

మొదటిది గేట్‌కీ, బ్యాటరీ మైనస్ వైపు కాలైన సోర్స్‌కీ మధ్య 10కె రెసిస్టర్. "లేకున్నా నడుస్తోంది మావయ్యా" అన్నావు. నాదీ నడిచింది. నలభై ఏళ్లు లేని వయసులో ఆ రెసిస్టర్లు మానేసి కొండ మీద ఊరికి ఒక ఇన్వర్టర్ కట్టిచ్చాను. ఆటోలో ఆ రాళ్ల దారిలో కుదుపులకి కంట్రోల్ బోర్డు కనెక్టర్ వదులైపోయింది. ఆఫ్‌లో పట్టి ఉంచే రెసిస్టర్ లేక గేట్లు గాల్లో ఉన్నాయని నాకు తెలీదు. అక్కడ అందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా బ్యాటరీ బిగించాను. రెండు వైపులా ఒకేసారి ఆన్ అయ్యి టపటపా పేలాయి. ఒకదాని నల్ల పెంకు ఎగిరి నా చొక్కా జేబులో పడింది. ఇంటాయన ఏమీ అనలేదు, మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తిరుగు దారంతా ఆ నీళ్లే గుర్తొచ్చాయి. తప్పు పూర్తిగా నాదే, ఆ రెసిస్టర్లు మానేస్తే మిగిలింది పావలా.

రెండోది స్నబ్బర్, అదే స్పైకుల్ని మింగే రెసిస్టరూ కెపాసిటరూ. పుష్-పుల్‌లో, అంటే రెండు వైపులూ వంతులవారీగా నడిచే ఈ పద్ధతిలో, ఆఫ్‌లో ఉన్న మాస్‌ఫెట్ మీద బ్యాటరీకి రెట్టింపు వోల్టేజీ పడుతుంది. 14.4 అయితే 28.8, ఆ పైన క్షణకాలం ఎగిసే స్పైకులు. 3205 ఓర్చుకునేది 55 వోల్టులు. స్నబ్బర్ ఉంటేనే ఆ తేడా మిగులుతుంది. రేపెవరైనా 24 వోల్టులది అడిగితే ఇదే బోర్డుకి రెండు బ్యాటరీలు తగిలించకు, 57 దాటుతుంది.

మూడోది లో-బ్యాటరీ కట్, బ్యాటరీ బాగా దిగగానే ఇన్వర్టర్‌ని ఆపేసేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఇక్కడ ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీ అమ్మనడుగు. ఆ తర్వాత నా బల్ల మీదకి వచ్చిన బ్యాటరీల్లో చాలావాటిని చంపింది వాన కాదు. కట్ లేని ఇన్వర్టర్లు 10.5 వోల్టుల కంటే కిందికి దిగాక కూడా ఆఖరి చుక్క వరకూ పిండేశాయి. ఇన్వర్టర్ కంటే బ్యాటరీ ఖరీదెక్కువని తెలిసీ ఎలా కొట్టేశావురా దాన్ని? వోల్టేజీల్ని పోల్చి చూసే ఎల్ఎం358 ఐసీ ఒకటి పెట్టు, అందులో ఒక సగం లో-బ్యాటరీకి, రెండో సగం ఓవర్‌లోడ్‌కి, రెండూ చెరో డయోడ్ మీదుగా 3525 పదో పిన్నుకే.

సైన్ వేవ్, అంటే ఇంటి కరెంటులా నున్నటి అల ఇచ్చే ఇన్వర్టర్ సంగతి అడిగావు. ఫ్యాన్ గుంయ్‌మనకుండా ఉండాలంటే అదే మంచిది, కానీ మొదటి దానికే వద్దు. దానికి నాలుగు చోట్ల మాస్‌ఫెట్లుండే బ్రిడ్జి కావాలి, కరెంటు ఒకేసారి రెండు మాస్‌ఫెట్లు దాటాలి. ఈ 12 వోల్టుల వైండింగ్ కూడా పనికిరాదు. సైన్ శిఖరం బ్యాటరీని దాటలేదు కాబట్టి 10.5ని 1.414తో భాగిస్తే 7.4 వస్తుంది. వైండింగ్ 7 వోల్టులకి చుట్టించాలి, లేకపోతే 230కి బదులు 140 చూసి తల పట్టుకుంటావు.

కట్టడం అయ్యాక బ్యాటరీకి నేరుగా తగిలించకు. కారు హెడ్‌లైట్ బల్బు, 12 వోల్టులు 55 వాట్లది, ప్లస్ వైరుకి సిరీస్‌లో పెట్టు. లోడ్ లేకుండా ఆన్ చెయ్యి. బల్బు ఒక్కసారి మినుకుమని మసకబారితే సరే, ధగధగా వెలిగితే ఆపేసి షార్ట్ వెతుక్కో. బల్బు తీసేశాక ఫ్యూజ్ లేకుండా మాత్రం ఆన్ చెయ్యకు.

ట్రాన్స్‌ఫార్మర్ నో-లోడ్ కరెంటు ఎంతొచ్చిందో రాసి పంపు. ఒక ఆంపియర్ దాటితే అక్కడే ఉండి తల బద్దలు కొట్టుకోకు, గోనెసంచిలో కట్టుకుని గుణుపూర్ బండి ఎక్కి వచ్చెయ్. అత్తయ్య చేపల పులుసు పెడతానంటోంది, ఆదివారమైతే మంచిది.

ఇట్లు,
మావయ్య