టెక్ సందేహాలు: అడగకుండా ఊహించుకునే ఫైల్ ఎక్స్‌ప్లోరర్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విండోస్‌లో ఫైళ్లు, ఫోల్డర్లు తెరిచి చూపే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మీద ఫిర్యాదులే. విండోస్ 95తో మొదలైన ఈ ప్రోగ్రాంలో బటన్లు, రంగులు ఎన్నిసార్లు మారినా ఒక అలవాటు మాత్రం మారలేదు. మనకేం కావాలో అది అడగదు. తానే ఊహించుకుని, ఊహించుకున్న సంగతి కూడా చెప్పకుండా పని కానిచ్చేస్తుంది. ఆ ఊహ ఎక్కడ జరుగుతోందో పట్టుకోగలిగితే చాలావరకు ఆపవచ్చు.

సందేహం: తిరుపతిలో పెళ్లి ఫోటోల స్టూడియో నడుపుతున్నాను. ఒక్కో పెళ్లి ఫోల్డరులో వేల ఫోటోలు ఉంటాయి. ఫోల్డర్ తెరిస్తే వరుస కుదురుకోవడానికే చాలాసేపు పడుతోంది. అన్ని ఫోల్డర్లూ డీటెయిల్స్ పద్ధతిలో కనిపించాలని ‘అప్లై టు ఫోల్డర్స్’ బటన్ నొక్కితే కొన్ని మారాయి, కొన్ని మారలేదు. ర్యామ్ పెంచమంటారా?

జవాబు: ర్యామ్ కొనకండి. మీరు అడిగిన రెండు ఇబ్బందులకూ మూలం ఒకటే. విండోస్ ప్రతి ఫోల్డరుకూ ఒక రకాన్ని అంటగడుతుంది: సాధారణ ఫైళ్లు, డాక్యుమెంట్లు, ఫోటోలు, పాటలు, వీడియోలు. ఫోల్డరులో ఏవి ఎక్కువగా ఉన్నాయో చూసి ఈ రకాన్ని తానే నిర్ణయిస్తుంది. ఏ వరుసలు చూపాలి, ఏ క్రమంలో పేర్చాలి అన్నది ఆ రకాన్ని బట్టి ఉంటుంది. ‘అప్లై టు ఫోల్డర్స్’ పక్కనే చిన్న అక్షరాల్లో ‘ఈ రకం ఫోల్డర్లన్నిటికీ’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది, కానీ రకాలున్నాయనే తెలియనివారికి ఆ వాక్యం ఏం చెబుతుంది? మీరు ఆ బటన్ నొక్కినప్పుడు తెరిచి ఉన్న ఫోల్డర్ సాధారణ రకానిదై ఉంటుంది. అందుకే ఆ రకంవే మారాయి, ఫోటోల రకంగా ముద్ర పడినవి కదల్లేదు.

ఆలస్యానికీ కారణం ఇదే. ఫైలు చివరిసారి మారిన తేదీ డిస్కులోని పట్టికలోనే ఉంటుంది కాబట్టి దాని ప్రకారం పేర్చడానికి ఫైళ్లను తెరవనక్కరలేదు. ఫోటోల రకం ఫోల్డరులో కనిపించే తేదీ మాత్రం ఫోటో తీసిన తేదీ. అది కెమెరా రాసిన సమాచారంగా ప్రతి ఫోటో లోపల ఉంటుంది. ఆ తేదీ ప్రకారం పేర్చాలంటే ఎక్స్‌ప్లోరర్ వేల ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి, చదివి, మూయాలి. మీ ఫోటోలు పాత తరహా హార్డ్ డిస్కులో ఉంటే ఈ పని మరింత నత్తనడక నడుస్తుంది.

పరిష్కారం ఇలా చేయండి. పెళ్లిళ్ల ఫోల్డర్లన్నీ ఉన్న పై ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ అనే ట్యాబ్ తెరవండి. అక్కడ ‘ఆప్టిమైజ్ దిస్ ఫోల్డర్ ఫర్’ కింద ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకుని, దిగువన లోపలి ఫోల్డర్లకు కూడా వర్తించమని చెప్పే గడిలో టిక్ పెట్టండి. ఆ తరువాత ఒక ఫోల్డరును మీకు నచ్చినట్టు అమర్చుకుని, ఫోల్డర్ ఆప్షన్స్‌లోని వ్యూ ట్యాబ్‌లో ‘అప్లై టు ఫోల్డర్స్’ నొక్కితే ఇప్పుడు అన్నీ మాట వింటాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మాత్రం వినదు, దాని రకం వేరు. అక్కడ ఫైళ్లు ‘ఈరోజు’, ‘నిన్న’, ‘గత వారం’ అని గుంపులుగా కనబడటం నచ్చకపోతే, ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ‘గ్రూప్ బై’లో ‘నన్’ ఎంచుకోండి. ఈ ఊహించే గుణాన్ని విండోస్ తన లోపలి అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో పూర్తిగా ఆపే చిట్కా కూడా ఉంది. రోజూ డబ్బు తెచ్చిపెట్టే కంప్యూటర్‌లో దాని జోలికి పొమ్మని నేను సలహా ఇవ్వను.

సందేహం: చిత్తూరులో దస్తావేజు లేఖరి దగ్గర పనిచేస్తున్నాను. తిరుపతి జిల్లా వేరుపడకముందు దస్తావేజులు ఒక ఫోల్డరులో, ఆ తరువాతవి మరో ఫోల్డరులో డి డ్రైవులో పెట్టాము. మొన్న పాత ఫోల్డర్ ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. రీసైకిల్ బిన్‌లోనూ లేదు. వైరస్ తినేసిందంటారా?

జవాబు: ముందుగా కొత్త ఫోల్డరును తెరిచి చూడండి. పాత ఫోల్డర్ దాని లోపలే ఉండే అవకాశం చాలా ఎక్కువ. మౌసు బటన్ పూర్తిగా వదలకముందే చెయ్యి కాస్త కదిలితే ఫోల్డర్ పక్కదానిలో జారిపడుతుంది. అది డిలీట్ కాదు కాబట్టి రీసైకిల్ బిన్‌లో దొరకదు. కనబడకపోతే డి డ్రైవు తెరిచి, పైనున్న వెతుకు పెట్టెలో ఫోల్డర్ పేరు కొట్టండి. జారిపడిన క్షణంలోనే గుర్తిస్తే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే చాలు, ఉన్నచోటికి తిరిగి వస్తుంది.

ఇన్నేళ్ల తరువాత కూడా ఇది ఎందుకింత సులువుగా జరుగుతోంది? లాగి వదలడం అనే ఒకే పనికి విండోస్ రెండు అర్థాలు పెట్టుకుంది. ఒకే డ్రైవులో లాగితే ఫైలును తరలిస్తుంది. ఒక డ్రైవు నుంచి పెన్ డ్రైవులాంటి మరో దానికి లాగితే కాపీ చేస్తుంది. ఒకే డ్రైవులో తరలించేటప్పుడు సమాచారం కదలదు, పట్టికలో చిరునామా మాత్రమే మారుతుంది. అందుకే ఇరవై ఏళ్ల దస్తావేజులున్న ఫోల్డరైనా రెప్పపాటులో, పురోగతి చూపే గీత కూడా లేకుండా చోటు మారిపోతుంది. పని ఎంత పెద్దదైతే హెచ్చరిక అంత స్పష్టంగా ఉండాలన్న నియమం ఇక్కడ తలకిందులైంది.

ఇకమీదట కుడి బటన్‌తో లాగే అలవాటు చేసుకోండి. అప్పుడు వదిలిన చోట కాపీ చేయాలా, తరలించాలా, షార్ట్‌కట్ పెట్టాలా అని ఒక మెనూ అడుగుతుంది. మనసు మారితే అక్కడే రద్దు చేసుకోవచ్చు. ఎడమ బటన్‌తోనే లాగేవారు కంట్రోల్ పట్టుకుంటే కాపీ, షిఫ్ట్ పట్టుకుంటే తరలింపు అని గుర్తుంచుకోవాలి. ఇంకొక్క మాట: పెన్ డ్రైవు మీద డిలీట్ చేసిన ఫైలు మామూలుగా రీసైకిల్ బిన్‌కు పోదు, అక్కడికక్కడే పోతుంది. కక్షిదారుల కాగితాలు పెన్ డ్రైవులో మాత్రమే ఉంచుకునే కార్యాలయాలు ఈ ఒక్క విషయం తెలిసిన రోజే పద్ధతి మార్చుకోవాలి.

సందేహం: తిరుపతిలో పరిశోధక విద్యార్థినిని. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు సంబంధించిన మౌఖిక కథనాలను తెలుగు పేర్లు పెట్టిన ఫోల్డర్లలో దాచుకున్నాను. వేరే కంప్యూటరులోకి కాపీ చేస్తుంటే పేరు మరీ పొడవైపోయిందని ఆగిపోతోంది. నిజానికి నా పేర్లు అంత పొడవు లేవు. దానికి తోడు ఒకేచోట ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనబడుతున్నాయి. ఇదెలా సాధ్యం?

జవాబు: మీ కంటికి పొడవు లేని పేరు విండోస్ లెక్కలో పొడవే. డ్రైవు అక్షరం మొదలుకొని ఫైలు పేరు చివరివరకు ఉన్న మొత్తం దారి 260 అక్షరాలకు లోబడి ఉండాలన్నది విండోస్ పాత నియమం. 2016లో వచ్చిన విండోస్ 10 సవరణతో ఈ హద్దును సడలించే వీలు కల్పించారు, కానీ దాన్ని ప్రతి ప్రోగ్రామూ విడిగా అందిపుచ్చుకోవాలి. విడ్డూరమేమిటంటే విండోస్ సొంత ఫైల్ ఎక్స్‌ప్లోరరే అందుకోలేదు.

తెలుగులో ఈ హద్దు ఇంకా ముందే తగులుతుంది. ‘తాతయ్యగుంట’లో మనకు కనబడేవి ఐదు అక్షరాలు. కంప్యూటర్ మాత్రం దీర్ఘాన్ని, పొల్లును, వత్తుగా మారిన హల్లును, కొమ్మును, సున్నాను విడివిడిగా లెక్కవేసి పది అంటుంది. ‘శ్రీకాళహస్తి’ మనకు ఐదు, దానికి పన్నెండు. ఇలాంటి పేర్లతో ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే, అది కూడా వన్‌డ్రైవ్ కింది డాక్యుమెంట్స్‌లో అయితే, 260 ఎప్పుడు దాటామో తెలియదు. ఫైలును పుట్టించేటప్పుడు రాని అభ్యంతరం కాపీ చేసేటప్పుడు ఎందుకు వచ్చిందంటే, కొత్త కంప్యూటరులో మీరు అతికించే చోటు ఇప్పటికే మరికొంత పొడవు కలిగి ఉంది. ఇంటి కంప్యూటరులో పై ఫోల్డర్ పేరును తరువాత పొడిగించినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఎక్స్‌ప్లోరర్ పై పేరు మార్చేటప్పుడు కింద ఉన్న ఫైళ్ల మొత్తం దారి ఎంతవుతుందో లెక్క చూసుకోదు.

లోపలి పేర్లను ముట్టుకోకండి, అవి మీ పరిశోధనకు ఆధారాలు. పై రెండు మూడు ఫోల్డర్ల పేర్లను మాత్రం ‘జాతర’, ‘కథలు’ అన్నంత పొట్టిగా మార్చి, మొత్తాన్ని డ్రైవు మొదట్లోనే అతికించండి. ఎక్కువ సందర్భాల్లో ఇది సరిపోతుంది. మీ విభాగంలో ఎవరైనా విండోస్ బదులు లినక్స్ వాడితే ఆ చిక్కు వేరు. అక్కడ సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కుల్లో ఒక్కో పేరు 255 బైట్లు మించకూడదు. కంప్యూటర్ విడిగా లెక్కవేసే ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి కాబట్టి 85 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది.

ఇక రెండు ఒకే పేర్ల సంగతి. ఆ పేర్లు ఒకటి కావు, ఒకటిగా కనబడుతున్నాయంతే. పొల్లుతో ముగిసే ‘టేప్’, ‘రికార్డింగ్’ వంటి మాటల చివర కొన్ని తెలుగు కీబోర్డులు కంటికి కనిపించని ఒక సంకేతాన్ని చేరుస్తాయి. పక్క హల్లు వత్తుగా మారకుండా అడ్డుకోవడం దాని పని. మాట మధ్యలో అది అవసరమే. చివర ఉన్నా లేకపోయినా మనకు తేడా తెలియదు, విండోస్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు పేర్లు. అందుకే ఒక కీబోర్డుతో పెట్టిన పేరు మరో కీబోర్డుతో వెతికితే దొరకకపోవచ్చు. ముందుగా రెండు ఫైళ్లనూ తెరిచి లోపల ఒకటే ఉందో లేదో చూడండి. తరువాత రెండింటి పేర్లూ ఒకే కీబోర్డుతో మొదటినుంచి మళ్లీ కొట్టండి. ఆ పేరుతో ఇప్పటికే ఒక ఫైలుందని విండోస్ అభ్యంతరం చెబితే కారణం ఈ కనిపించని సంకేతమేనని నమ్మవచ్చు.

సందేహం: పలమనేరులో ఉపాధ్యాయుడిని. విండోస్ 11కు మారాక రైట్ క్లిక్ చేస్తే కాపీ, పేస్ట్ కనబడటం లేదు. నాకు కావలసినవన్నీ ‘షో మోర్ ఆప్షన్స్’ వెనక దాక్కున్నాయి. పాత మెనూ తెచ్చుకునే మార్గముందా?

జవాబు: కాపీ, కట్, డిలీట్ ఉన్నాయి. అవి మాటల నుంచి బొమ్మలుగా మారి మెనూ అంచున ఒక వరుసలో చేరాయి. మెనూ పైకి తెరుచుకుంటే ఆ వరుస కింద, కిందికి తెరుచుకుంటే పైన ఉంటుంది కనుక చేతికి అలవాటు పడదు. బొమ్మల కింద పేర్లు 24హెచ్2 అనే సవరణలో చేరాయి కాబట్టి విండోస్‌ను అప్‌డేట్ చేసుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది. మిగతా సగానికి, షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేయండి, పాత మెనూ నేరుగా వస్తుంది. మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణంలో న్యాయం లేకపోలేదు. ఇన్‌స్టాల్ చేసిన ప్రతి సాఫ్ట్‌వేరూ ఆ పాత మెనూలో తన పేరు దూర్చి దాన్ని చాంతాడంత చేసింది, కొన్ని అయితే ఎక్స్‌ప్లోరరునే మొరాయింపజేసేవి. అయినా, రోజూ వాడేవాటిని కూడా ఒక క్లిక్కు వెనక్కి నెట్టడం నాకు సమంజసంగా తోచదు. ఏవి బయట ఉండాలో వాడుకరే ఎంచుకునే వీలు కల్పించి ఉండాల్సింది.

సందేహం: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. తోతాపురి కాయల తూకం చీట్లు స్కాన్ చేసి తేదీలతో పేర్లు పెడతాను. ఎంత ప్రయత్నించినా తేదీల వరుసలో రావు.

జవాబు: మీరు తేదీ ముందు, సంవత్సరం చివర రాస్తున్నారు. ఎక్స్‌ప్లోరర్ పేరులోని అంకెను అంకెగానే గుర్తిస్తుంది కాబట్టి 2 తరువాత 10 సరిగానే వస్తుంది, కానీ అది తేదీ అని దానికి తెలియదు. అందుకే 5-7-2023 చీటీ 6-6-2023 కంటే ముందు వచ్చి కూర్చుంటుంది. సంవత్సరం, నెల, రోజు క్రమంలో 2023-06-06 అని పెడితే పేరు వరుసే తేదీ వరుస అవుతుంది. ‘డేట్ మాడిఫైడ్’ మీద ఆధారపడకండి, అది స్కాన్ చేసిన లేదా మార్చిన రోజు, తూకం వేసిన రోజు కాదు.

మీరు పంపిన చిత్రంలో ఒక ఫైలు పేరు చివర ‘పీడీఎఫ్’ అని మీరే కొట్టినట్టుంది. ఫైలు రకం తెలిపే ఆ తోక అప్పటికే ఉంది, విండోస్ దాన్ని దాచిపెట్టింది. వ్యూ మెనూలో ‘షో’ కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ చేయండి. 2000 మే నెలలో ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ వైరస్, ప్రమాదకరమైన తన అసలు తోక దాగి ఉండటాన్నే వాడుకుని ఉత్తరంలా నటించింది. అంత జరిగినా తోకలను దాచడమే ఇప్పటికీ మొదటి అమరిక కావడం నాకు ఏమాత్రం మింగుడుపడదు. రైతుల పేరుతో, ట్రాన్స్‌పోర్టు వారి పేరుతో రోజూ బిల్లులు మెయిల్‌లో అందుకునే మీకు ఇది మరీ అవసరం.

సందేహం: కుప్పం నుంచి రాస్తున్నాను. నా పాత కంప్యూటర్ విండోస్ 11కు పనికిరాదన్నారు. లినక్స్ మింట్ వేసుకున్నాను. రెండు ఫోల్డర్లను ఒకే కిటికీలో పక్కపక్కన చూడవచ్చా?

జవాబు: చూడవచ్చు, ఎఫ్3 నొక్కండి. విండోస్ ఎక్స్‌ప్లోరరుకు ఈ సదుపాయం ఇప్పటికీ లేదు, 2022 అక్టోబరులో ట్యాబులు మాత్రం వచ్చాయి. లినక్స్‌లో కూడా గ్నోమ్ అనే తెర రూపం వారి ఫైళ్ల ప్రోగ్రాం నాటిలస్ నుంచి దీన్ని 2012లో తీసేశారు. అది నచ్చక మింట్ బృందం ఆ ప్రోగ్రాం నుంచే నీమోను తయారుచేసుకుంది, సినమన్ అనే తెర రూపంలోని మింట్‌లో మీరు వాడుతున్నది అదే. ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం వేసుకుని ఉంటే అందులో ఫైళ్లు చూపే ప్రోగ్రాం థునార్. దానిలోనూ 4.18 వెర్షన్ నుంచి ఎఫ్3 ఇదే పని చేస్తుంది.