మీరడిగారు: చిలికాలో పక్షుల గైడు కావాలంటే?

ప్రశ్న: ఇంటర్ పాసయ్యాను. తెలుగు, ఒడియా వచ్చు. చిలికాలో పక్షుల గైడుగా పనిచేయాలని ఉంది. సర్టిఫికెట్ ఎలా? ఏ బైనాక్యులర్ కొనాలి?
– ఓ పాఠకుడు, బరంపురం

జవాబు: కాగితం పని తేలికే. కేంద్ర పర్యాటక శాఖవారి ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్’ కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది. కాకపోతే అది పిట్టల్ని నేర్పదు. చిలికాలోని నలబాణ దీవి పక్షుల అభయారణ్యం కాబట్టి, అక్కడికి అటవీశాఖ అనుమతి విడిగా తీసుకోవాల్సిందే.

బైనాక్యులర్ 8×42 చాలు (8 అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో). 10×50 బరువు, పైగా పడవ కుదుపుని పెద్దది చేసి చూపిస్తుంది. పిట్ట బదులు మసక మిగులుతుంది.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చిలికా ఒడ్డునున్న మంగళాజోడిలో తిరగండి. కొత్తవాళ్లు తడబడేది గాడ్‌విట్‌ల (పొడుగు ముక్కున్న నీటిపిట్టలు) దగ్గరే. నిలబడ్డప్పుడు కంగారుపడి పేరు చెప్పేయకండి, ఎగరనివ్వండి. రెక్క మీద వెడల్పాటి తెల్లపట్టీ, తోక కొసన నలుపు కనిపిస్తే అది బ్లాక్-టెయిల్డ్ గాడ్‌విట్. బార్-టెయిల్డ్ గాడ్‌విట్‌కి ఆ పట్టీ ఉండదు.

మేస్తున్న గుంపు ఒక్కసారిగా తలలెత్తిందంటే మీరు మరీ దగ్గరికొచ్చేశారని. పడవ అక్కడే ఆపించండి. ఫొటో కోసం ‘ఇంకాస్త’ అని పర్యాటకులు బతిమాలతారు, లొంగొద్దు. సాతపడా వైపు ఇరావడీ డాల్ఫిన్లు కనిపిస్తే ఇంజన్ ఆపించి పక్కగా నిలవండి. వెంటపడితే ఇంజన్ ప్రొపెల్లర్ వాటిని కోసేయొచ్చు.