కత్తిరించిన వీడియోతో పాఠం

ప్రశ్న: ఆన్‌లైన్‌లో తొమ్మిదో తరగతికి పాఠాలు చెప్తున్నాను. పిల్లలు వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మేస్తున్నారు. ప్రశ్నించడం ఎలా నేర్పాలి?
– ఓ టీచర్, ఖమ్మం

జవాబు: ఉపన్యాసం వద్దండీ, ఒక్క వీడియో చాలు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లతో పాటు ఓ క్లిప్ దేశమంతా పాకింది, అందులో బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో పిల్లాణ్ని లాక్కుపోతారు, నిజానికది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం, బాబును వెనక్కి తెచ్చి దించేసే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. ఆ పుకార్లకు అమాయకుల ప్రాణాలు పోయాయి. ముందు సగం కథే చెప్పి, ఏమనిపించిందో చాట్‌లో రాయించండి. మిగతాది తర్వాత చెప్పి అడగండి: ఎవరు తీశారు, ఏది దాచారు, మనలో ఏ భయాన్ని రెచ్చగొట్టారు? కెమెరా ఆపేసుకుని కూర్చునే పిల్లలు కూడా దీనికి జవాబు రాస్తారు, కాస్త టైమివ్వండి.