నిక్షేపం ఎవరు దాచింది?

సందేహం: ‘అగ్నిపర్వతాల లావాలో పుట్టిన బంగారు నిక్షేపాలు’ అని ఒక వ్యాసంలో చదివాను. నిక్షేపం అంటే ఎవరో పాతిపెట్టిన సొమ్ము కదా! దానంతటదే ఏర్పడినదానికి ఆ మాట వాడవచ్చా?

సమాధానం: నిక్షేపంగా వాడవచ్చు. మీ అనుమానానికి ఆధారం మాత్రం లేకపోలేదు. ధర్మశాస్త్రాల్లో నిక్షేపం అంటే ఒకరిని నమ్మి దాచుకున్న సొత్తు. దానశాసనాల్లో భూమితో పాటు రాసిచ్చే అష్టభోగాల వరస కూడా ‘నిధి నిక్షేప జల పాషాణ’ అనే మొదలవుతుంది. అయితే ‘క్షిప్’ ధాతువుకు వేయడం అని అర్థం. ముందు ‘ని’ చేరితే లోపల వేసి ఉంచడం. వేసేది మనిషే కానక్కర్లేదు.

ఇక్కడ ఆ పని చేసేవి వేడినీళ్లు. భూమి లోపల శిలాద్రవం చల్లారేటప్పుడు నీటి ఆవిరి, గంధకపు వాయువులు బయటపడతాయి. పైనుంచి ఇంకిన వాననీరు కూడా కాగి వాటితో కలుస్తుంది. మామూలు రాతిలో టన్నుకు కొన్ని మిల్లీగ్రాములే ఉండే బంగారం ఈ నీళ్లలో గంధకంతో జతకట్టి కరుగుతుంది. నీళ్లు పగుళ్లవెంట పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి మరుగుతాయి. గంధకం వాయువై లేచిపోతుంది. తోడు పోయిన బంగారం పలుగురాతితో పాటు ఆ పగుళ్లలోనే ఉండిపోతుంది. జపాన్‌లో కగోషిమా దగ్గరి హిషికారి గని ఇలాంటిదే. 1985లో తవ్వకం మొదలైన ఆ గనిలో టన్ను రాతికి పదుల గ్రాముల బంగారం దొరికింది. దాని వయసు సుమారు 10 లక్షల ఏళ్లే! పాపువా న్యూగినీలోని లిహిర్ దీవిలోనైతే, కూలిన అగ్నిపర్వతం నోటి అడుగున వేడినీళ్లు ఇప్పటికీ బంగారాన్ని మోసుకొస్తున్నాయి.

కాబట్టి నాకు అభ్యంతరం ‘లావాలో పుట్టిన’ అన్నచోటే. బయటికి పొంగితేనే లావా, లోపల ఉన్నంతవరకు శిలాద్రవం. మాగ్మా అన్నా ఇబ్బంది లేదు. ఇక బంగారం అక్కడ కొత్తగా పుట్టలేదు, చెదిరి ఉన్నదే ఒకచోట చేరింది. ‘పేరుకున్న’ అంటే సరిపోయేది.

కోలార్ గురించి రాసేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అక్కడి రాళ్లు సుమారు 270 కోట్ల ఏళ్లనాటి లావా గడ్డకట్టగా వచ్చినవే. బంగారం మాత్రం తర్వాతి కాలంలో, ఆ రాళ్లు భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపు మారుతున్నప్పుడు, లోతునుంచి వచ్చిన నీళ్లతో చేరింది. మన చిత్తూరు జిల్లా చిగురుగుంట కూడా ఆ రాతిపట్టీలోదే. వీటిని ‘అగ్నిపర్వత శిలల్లోని నిక్షేపాలు’ అనండి; ‘అగ్నిపర్వత నిక్షేపాలు’ అంటే అర్థం మారిపోతుంది.