'ఆమె మంచిది' అనవచ్చా?

సందేహం: మా అత్తగారి పెద్దకర్మ కార్డు మీద 'ఆమె ఎంతో మంచిది' అని రాశాను. ఒడియా మాధ్యమంలో చదివిన మా అబ్బాయి ఒప్పుకోలేదు. 'తాతయితే మంచివాడు, నానమ్మయితే మంచిదా? కుర్చీనీ అలాగే అంటాం కదా! ఒడియాలో ఇద్దరినీ భల లోక అనే అంటాం' అన్నాడు. ఏం రాయాలి? (రాయగడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీరు రాసింది తప్పు కాదు. మీ అబ్బాయికి తగిలిన నొప్పి కూడా నిజమైనదే.

తెలుగులో ఏకవచనానికి వచ్చేసరికి మగవాడు ఒక పక్క, తక్కినదంతా ఒక పక్క. అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. వ్యాకరణకర్త చిన్నయసూరి మహత్తు (గొప్పది), అమహత్తు (అది కానిది) అని చెప్పింది ఈ విభజననే. పేరు వింటే చివుక్కుమంటుంది గాని, విభజన ఆయన చేసింది కాదు, భాషలో ముందునుంచీ ఉన్నదే. తమిళంలో అవన్, అవళ్, అదు అని మూడున్నాయి, స్త్రీకి వేరే రూపం ఉంది. మీ రాయగడ కొండల్లో వినిపించే కువి, కుయి భాషలు మన తెలుగుకు చుట్టాలే. వాటిలో బహువచనంలోనూ మగవారు వేరు, ఆడవారు తక్కినవాటితో పాటు. తెలుగు అక్కడ దారి మార్చుకుంది: వారు వచ్చారు, అవి వచ్చాయి. బహువచనంలో ఆడా మగా ఒక్కటై మనుషులవుతారు. మన గౌరవవాచకం పుట్టింది ఆ బహువచనంలోంచే. అందుకే 'మా అత్తగారు మంచివారు', 'మా మామగారు మంచివారు' అన్న వాక్యాల్లో తేడా ఉండదు. పెద్దావిడ గురించి అచ్చువేసే కార్డులో 'మంచిది' కన్నా ఇదే బాగుంటుంది.

అయినా నన్నడిగితే 'మంచి మనిషి' అని రాయమంటాను. మనిషి అన్నమాట ఆడవారికీ మగవారికీ చెల్లుతుంది. శ్రీకాకుళం నుంచి పర్లాకిమిడి దాకా మనవాళ్ళు ఒకరిని తలుచుకుని కళ్ళు తుడుచుకునేటప్పుడు 'మంచి మనిసి' అనే అంటారు. జనం నోటి మాటకు పుస్తకంలో చోటు కావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఆ పర్లాకిమిడిలో ఉంటూనే కదా.

'మంచి'ని మెత్తదనమనో, గొడవ పెట్టుకోకపోవడమనో ఈమధ్య చాలామంది అనుకుంటున్నారు. అది నాకు నచ్చదు. మంచిముత్యమంటే నకిలీది కాని ముత్యం. మంచినీళ్ళంటే తియ్యటి నీళ్ళని కాదు, దాహం తీర్చే నీళ్ళని. ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరాన ఉప్పునీళ్ళ పక్కనే బతుకుతున్న తెలుగువారికి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. నిజమైనది, ఇంకొకరి అవసరానికి అందేది: 'మంచి'లో ఈ రెండర్థాలూ ఉన్నాయి. ముక్కుసూటిగా మాట్లాడి నాలుగు చీవాట్లు పెట్టే ఆవిడ కూడా ఈ లెక్కన మంచి మనిషే.

వీధిలో ఎవరింట పురుడొచ్చినా మీ అత్తగారు వేడినీళ్ళు కాచడానికి ముందే వెళ్ళేవారని ఉత్తరం చివర రాశారు. ఆ వాక్యాన్ని కార్డులోకి తీసుకురండి. దాని పక్కన 'మంచి మనిషి' అని ఉంటే మీ అబ్బాయి అభ్యంతరం చెప్పడు. అచ్చుకిచ్చేటప్పుడు 'మంచి మనిషి' అని రెండు మాటలుగా రాయండి. 'మంచివారు' అయితే కలిపి రాయాలి.