హైకోర్టులో ఓడిపోతే సుప్రీంకోర్టు తప్పకుండా వింటుందా?

బెంగళూరులో సైట్ గొడవ, హైకోర్టులో ఓడిపోయాం, ఇక సుప్రీంకోర్టు మా అప్పీలు వినాల్సిందే కదా అని అడిగారు. వినాల్సిందే అనేం లేదు.

కింది కోర్టు వదిలేసిన మనిషికి హైకోర్టు మరణశిక్ష వేయడం లాంటి కొన్ని కేసుల్లో అప్పీలు హక్కుగా వస్తుంది. మిగతావాళ్లలో చాలామంది వెళ్లేది రాజ్యాంగం 136వ అధికరణ కింద, లాయర్లు ఎస్ఎల్‌పీ (స్పెషల్ లీవ్ పిటిషన్) అనే దారిలో. అది అప్పీలు కాదు, అప్పీలుకు అనుమతి అడగడం. మామూలుగా తీర్పు వచ్చిన 90 రోజుల్లోపు వేయాలి.

సాధారణంగా ఇద్దరు జడ్జీల బెంచ్ చూస్తుంది. ఒక్కోసారి రెండు మూడు నిమిషాల్లోనే తేలిపోతుంది. ‘హైకోర్టు పొరబడింది’ అంటే చాలదు. చట్టంలో ముఖ్యమైన ప్రశ్న ఏదైనా ఉందా, హైకోర్టులు తలో మాట చెప్పాయా, ఘోరమైన అన్యాయం జరిగిందా అని చూస్తారు. సాక్ష్యాలను మళ్లీ తూచడం అరుదు. ఈ అధికారాన్ని అసాధారణ సందర్భాల్లోనే వాడాలని 1950లోనే ప్రీతమ్ సింగ్ కేసులో కోర్టు చెప్పింది.

కారణం చెప్పకుండా మొదట్లోనే కొట్టేస్తే, హైకోర్టు తీర్పు సరైనదని ముద్ర వేసినట్టు కాదు. 2000లో కున్హయమ్మద్ కేసులో ఇది స్పష్టం చేశారు. కాబట్టి హైకోర్టులో రివ్యూ, అంటే తన తీర్పును తానే మళ్లీ చూడమని, అడిగే దారి మూసుకుపోదు.

అవతలివాళ్లకు నోటీసు ఇచ్చారంటే గెలిచినట్టూ కాదు, వాళ్ల వాదన విన్నాక కూడా అనుమతి ఇవ్వకపోవచ్చు. మారతహళ్లిలో మా బాబాయి నోటీసు అనగానే మైసూర్‌పాక్ పంచేశారు. తొందరపడ్డారు.