చేత్తో పట్టుకుని తీసే డాక్యుమెంటరీకి ఏ కెమెరా?
పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: విశాఖ ఫిషింగ్ హార్బర్ మీద అరగంట డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నాను. తెల్లవారుజామున చేపల వేలంపాట, బోటు మీద వేట, నిషేధం రోజుల్లో జాలరిపేట ఇళ్లలో మాటలు ఉంటాయి. తీసేది నేనొక్కడినే, ట్రైపాడ్ వాడను. కొందరు లెన్స్ మార్చుకునే మిర్రర్‌లెస్ కొనమంటున్నారు, కొందరు పాతకాలం హ్యాండీక్యామ్ తరహాదే మేలంటున్నారు. ఏది నయం?
– ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: సెన్సర్ సైజు తర్వాత చూద్దాం. ఒక్కరే తీసేటప్పుడు కెమెరాలో మొదట చూడాల్సింది, కన్ను పక్కకు తిప్పకుండా మీ వేళ్లకు ఏమేం అందుతాయని. వేలంపాటలో పాట ఎప్పుడు ఖాయమవుతుందో, ఎవరు ఎటు తిరుగుతారో తెలియదు. ఆ కాస్త సమయంలోనే జూమ్, ఫోకస్, వెలుతురు, మైకు లెవెల్ నాలుగూ సర్దుకోవాలి. ఏ ఒక్కదాని కోసం మెనూలోకి వెళ్లినా ఆ షాట్ మీది కాదు.

హార్బర్‌లో అసలు తంటా వెలుతురుతోనే. మనకు సూర్యుడు సముద్రం మీంచి వస్తాడు కాబట్టి పొద్దున్నే జెట్టీ మీద మనుషులు ఎదురు వెలుగులో నల్లగా పడతారు. షెడ్డు కిందికి వస్తే చీకటి, రెండడుగులు బయటికి వేస్తే కళ్లు చెదిరే ఎండ. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 (ఒక్కో ఫ్రేము వెలుతురు తీసుకునే సమయం, సెకనులో యాభయ్యో వంతు) పెట్టుకుని లెక్కవేయండి. నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురును పట్టే చురుకు) 100 దగ్గరే లెన్స్ ఎఫ్ 22 దాకా మూయాలి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది). ఎఫ్ 4 దగ్గర తీయాలంటే 5 స్టాపుల వెలుతురు తగ్గించాలి, ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది. ఐఎస్ఓ 800 నుంచి మొదలయ్యే లాగ్ ప్రొఫైల్‌లో (ఎడిటింగ్‌లో రంగులు దిద్దుకోవడానికి వీలుగా బొమ్మను చప్పగా తీసే పద్ధతి) అయితే 8 స్టాపులు. ఆ పని చేసేది ఎన్‌డీ ఫిల్టర్, కెమెరాకు నల్లకళ్లద్దం లాంటిది. అది లేనివాళ్లు షట్టర్‌ను 1/1000కి పెంచేస్తారు. వల లాగే చేతులు, ఎగిరే నీళ్లు టకటకా విరిగినట్టు కనిపించేది అందుకే.

అందుకని ఎన్‌డీ లోపలే ఉన్న కెమెరా చూడండి. సోనీ పీఎక్స్‌డబ్ల్యూ జెడ్ 90లో 2, 4, 6 స్టాపుల ఎన్‌డీ ఉంటుంది. 12 రెట్ల జూమ్ (ఫుల్‌ఫ్రేమ్, అంటే 35 ఎంఎం ఫిల్మంత సెన్సర్ లెక్కలో 29 నుంచి 348 మిల్లీమీటర్లు), పై హ్యాండిల్‌లో రెండు ఎక్స్ఎల్ఆర్ మైకు పోర్టులు, కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ కూడా ఉన్నాయి. జెట్టీ మీద నిలబడే బోటులోని మనిషి మొహం దాకా వెళ్లొచ్చు. లెన్స్ మార్చే పని లేదు, ఉప్పుగాలిలో అది చిన్న మేలేం కాదు. లోపమల్లా ఒకటే. సెన్సర్ ఒక అంగుళం తరహా, జూమ్ చివరికొచ్చేసరికి లెన్స్ ఎఫ్ 4.5 అవుతుంది. రాత్రి ఒక్క బల్బు వెలిగే ఇంట్లో గ్రెయిన్, అంటే ఇసుక చల్లినట్టు రవ్వలు, వస్తుంది.

మిర్రర్‌లెస్ తరహాలో ఎక్కువమంది చెప్పే సోనీ ఎఫ్‌ఎక్స్ 30 బొమ్మలో దీనికంటే చాలా మెరుగు, తక్కువ వెలుతురులోనూ నిలబడుతుంది. కానీ దానికి లోపల ఎన్‌డీ లేదు, వ్యూఫైండర్ లేదు. ఎండలో స్క్రీన్ కనిపించక అంచనా మీద తీయాల్సి వస్తుంది. లెన్స్‌కు బిగించే వేరియబుల్ ఎన్‌డీ పెట్టొచ్చు గానీ, 2–5 స్టాపుల రకాన్ని దాని గీత దాటించి తిప్పితే వైడ్ యాంగిల్‌లో ఫ్రేము మీద ఇంటూ ఆకారంలో నల్లమచ్చ పడుతుంది. పైగా షెడ్డులోకి వచ్చిన ప్రతిసారీ విప్పాలి. టామ్రాన్ 17–70 ఎఫ్ 2.8 లెన్స్ దీనికి మంచి జోడీయే, అందులో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ కూడా ఉంది. జూమ్ మాత్రం ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 105 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, అంతే. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 6కే ప్రోలో ఎన్‌డీ ఉన్నా కదిలే మనిషి వెంట ఫోకస్ తనంతట తాను పోదు, బాడీలో స్టెబిలైజేషన్ లేదు. ఒంటరిగా చేత్తో తీసేవారికి అది వద్దు. సోనీ ఎఫ్‌ఎక్స్ 6 మంచి కెమెరా. సొంత డబ్బుతో మొదటి సినిమా తీసేవారు దాన్ని కొనడం కంటే అద్దెకు తెచ్చుకోవడమే తెలివి.

మీ సినిమా ఎక్కువ భాగం ఆరుబయటే కాబట్టి మా ఓటు జెడ్ 90 తరహాకే. ఇళ్లలో మాటలకు మాత్రం రెండు రోజులు మిర్రర్‌లెస్, ఎఫ్ 1.8 లెన్స్ ఒకటి అద్దెకు తీసుకోండి. రెండు కెమెరాల్లోనూ లాగ్ జోలికి పోకుండా మామూలు టీవీ రంగుల పద్ధతి రెక్ 709లో తీసి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా పడేలా చేసే సర్దుబాటు) ఆటో తీసేసి కెల్విన్ అంకె పెట్టుకుంటే ఎడిటింగ్‌లో రంగులు కలుస్తాయి.

సెకండ్ హ్యాండ్ అయితే నాలుగు చూడండి. మూత పెట్టి గెయిన్ (వెలుతురును పట్టే చురుకు) పెంచితే తెరమీద మెరిసే చుక్కలు కనిపిస్తున్నాయా, జూమ్ మధ్యలో ఎక్కడైనా కుదుపు ఉందా, ఎన్‌డీ మూడు స్థానాల్లోనూ మచ్చ పడుతోందా, మైకు పోర్టుల్లో పచ్చటి చిలుము పట్టిందా. చివరిది మన ఊరి కెమెరాల్లో తప్పక చూడాలి.

ఇంకో మాట. తూర్పు తీరంలో మర బోట్లకు వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బోటు షాట్లు దానికి ముందే ముగించేలా కొనుగోలు పెట్టుకోండి. నేవీ, పోర్టు వైపు అనుమతి లేకుండా కెమెరా తిప్పొద్దు. డ్రోన్ ఊసైతే అసలే వద్దు.

ప్రశ్న: స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంటుంది. అయినా షాట్లు వణుకుతున్నాయి, నడిచేటప్పుడు ఫ్రేము మూలలు జెల్లీలా ఊగుతున్నాయి.
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: అవి రెండు వేర్వేరు జబ్బులు. వణుకు కెమెరా మరీ తేలిక కావడం వల్ల, చేతులు చాచి పట్టుకోవడం వల్ల వస్తుంది. నీళ్ల బిందెను ఒంటికి ఆనించి మోసినట్టే కెమెరానూ మోయాలి. మోచేతులు పక్కటెముకలకు ఆనించండి, మెడలో పట్టీని బిగువుగా లాగి ఉంచండి, వ్యూఫైండర్ ఉంటే కన్ను ఆనించండి. బాడీ అరకిలో ఉంటే పై హ్యాండిల్, మైకు కలిపి కిలోన్నర దాకా తెచ్చుకుంటే సన్న వణుకు దానంతటదే తగ్గుతుంది.

మూలల ఊగిసలాట సెన్సర్ కదిలే స్టెబిలైజేషన్‌కూ వైడ్ లెన్స్‌కూ పొసగక వచ్చేది. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 28–35 మిల్లీమీటర్ల దగ్గర తీయండి, 20 కంటే కిందికి పోవద్దు. నడకలో మోకాళ్లు కాస్త వంచి మడమ ముందు ఆనించండి. పాన్ చెయ్యాలంటే, అంటే కెమెరాను పక్కకు తిప్పాలంటే, పాదాలు కదపకుండా నడుము నుంచి తిరగండి, అదీ నెమ్మదిగా. వేగంగా తిప్పితే నిలువు స్తంభాలు ఒరిగిపోతాయి, ఆ రోలింగ్ షట్టర్‌కు సెట్టింగుల్లో మందు లేదు. సాఫ్ట్‌వేర్‌తో చేసే యాక్టివ్ మోడ్ ఫ్రేమును కత్తిరిస్తుంది. పైగా 1/50 షట్టర్‌లో కుదుపు వల్ల పడిన మసక అలాగే మిగిలిపోతుంది. ఫ్రేము కదలకుండా ఉండి బొమ్మ మాత్రం మాటిమాటికీ అలుక్కుపోతుంటే కారణం అదే.

బోటులో రెయిలింగ్‌కో క్యాబిన్ గోడకో ఆనుకోవద్దు. ఇంజిన్ అదురు నేరుగా లెన్స్‌లోకి ఎక్కుతుంది.

ప్రశ్న: బీచ్‌లో తీసిన ఇంటర్వ్యూల్లో గాలి హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఖరీదైన మైకు కొనాలా?
– ఓ విద్యార్థి, మధురవాడ

జవాబు: ముందు బొచ్చు కవర్ కొనండి. మైకుతో వచ్చే నురుగు తొడుగు గదిలోకే పనికొస్తుంది. ఆర్కే బీచ్ గాలికి పొడవాటి బొచ్చున్న తొడుగు కావాలి, కాలర్ మైకుకు కూడా చిన్నది దొరుకుతుంది. అడుగు హోరును కోసేసే లో కట్ 80–100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా లెవెల్ చేత్తో పెట్టండి. ఆటోలో వదిలేస్తే మనిషి ఆగిన ప్రతిసారీ కెమెరా సముద్రాన్ని పైకి లాగుతుంది. వేలంపాట అరుపులకు లెవెల్ అందకపోతే 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేసే వైర్‌లెస్ కాలర్ మైకు వాడండి. అందులో కేక వేసినా మాట చీలదు, మైకు తట్టుకున్నంత వరకు. ఫోన్‌తో బొమ్మ తీసి మైకు విడిగా రికార్డు చేస్తుంటే ఒక చిక్కుంది. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు, అందుకే షాట్ సాగేకొద్దీ పెదాలు, మాట కలవవు.

ప్రశ్న: ట్యూబులైట్ల కింద అడ్డచారలు కదులుతున్నాయి.
– భీమిలి

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరా పాల్‌లో (మన దేశపు వీడియో పద్ధతి), 25 ఫ్రేముల్లో, షట్టర్ 1/50 లేదా 1/100లో ఉండాలి. 30 ఫ్రేములు, 1/60 పెట్టుకున్నవారికే ఈ చారలు ఎక్కువ. చవక ఎల్‌ఈడీలు కొన్ని అప్పటికీ వెలిగి ఆరుతుంటాయి, అప్పుడు వాటిని ఫ్రేములోంచి తప్పించాలి.

ప్రశ్న: ఏసీ గదిలోంచి బయటికి తేగానే లెన్స్ మసకబారుతోంది. ఫంగస్ భయం కూడా ఉంది.
– ఓ పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: గదిలోనే కెమెరాను జిప్ కవర్‌లో పెట్టి మూసి, బయటికి తెచ్చాక 20–30 నిమిషాలు తెరవకుండా ఉంచండి. చెమ్మ కవర్ మీద పడుతుంది, లెన్స్ మీద కాదు. ఇంట్లో గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటర్ చాలు. తేమ 40–50 శాతం మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. హార్బర్ నుంచి వచ్చిన రోజే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేయండి. ముందు గాజును మాత్రం పొడిగా రుద్దొద్దు, ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. ముందే ఓ యూవీ ఫిల్టర్ బిగించి ఉంచితే, గీత పడినా దాన్ని మార్చేసుకుంటే సరిపోతుంది.